ముందు వరస కుర్రాడు

రగ్బీలో స్క్రమ్ (రెండు జట్లవాళ్లు ఎనిమిదేసి మంది వంగి, తలలు కలిపి, బంతి కోసం తోసుకోవడం) అంటే ఏమిటని పోయిన నెల ఈ పేజీలో రాసినదానికి గోదావరి జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరం పెద్దది, నా జవాబు అంతకంటే పెద్దది, ఎందుకంటే ఆ పెద్దాయన అడిగిన ప్రతి మాటా అడగాల్సిన మాటే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: అయ్యా, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోట, కాస్త వరి ఉన్నాయి. మా అమ్మాయి, అల్లుడు న్యూజిలాండ్‌లో హామిల్టన్‌లో స్థిరపడ్డారు. మనవడికి ఇరవై ఏళ్లు. రగ్బీ ఆడతాడు, ప్రాప్ అంటారట. పోయిన ఏడాది అక్కడి ప్రొవిన్స్ జట్టువాళ్లు కాంట్రాక్టు ఇచ్చారు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చాడండి, 118 కిలోలున్నాడు. కుడి చెవి ముడుచుకుపోయి, వడియంలా గట్టిగా ఉంది. చుట్టాలందరూ ఆటగాడంటే సన్నగా చురుగ్గా ఉండాలిగానీ ఇదేం ఆట అంటున్నారు. వీడియో పంపితే ఊళ్లో పదిమందిమి కూర్చుని చూశాం. వాడు తనది 3 నంబరంటాడు, చొక్కా మీద చూస్తే 18 ఉంది. ఎనభై నిమిషాల ఆటలో ఆఖరి ఇరవై నిమిషాలు దింపారు, బంతి వాడి చేతికి రెండుసార్లు వచ్చిందేమో. ఇంకో ఏడాది చదివితే డిగ్రీ అయిపోతుంది, ఆపేస్తానంటున్నాడు. అసలు ఇది ఉద్యోగమేనా? వాడు వెనకబడిపోయాడా? మెడ విరుగుతుందేమోనని వాళ్ల అమ్మమ్మకి రాత్రిళ్లు నిద్ర లేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: బాబాయ్ గారూ, మెడ సంగతి దాటవేయనని ముందు పిన్నిగారికి చెప్పండి, కింద వివరంగా రాస్తాను. మీ మనవడు వెనకబడ్డాడా అంటే, లేదు. రగ్బీలో పదిహేను స్థానాలున్నాయి, వాటిలో అన్నిటికంటే ఆలస్యంగా పండేది ప్రాప్ స్థానం, అంటే స్క్రమ్ ముందు వరసలో చివర నిలబడి తోసేవాడిది. మైదానం అంచుల వెంట పరిగెత్తే కుర్రాడు పంతొమ్మిదికే పెద్ద జట్టులో మెరవొచ్చు. ప్రాప్‌కి వేగంతో పని జరగదు. మెడ, వీపు, తుంటి ఏళ్ల తరబడి గట్టిపడాలి, ఆ గట్టిదనాన్ని ఎక్కడ ఎంత వాడాలో తనకంటే పదేళ్లు పెద్దవాళ్ల కింద నలిగి నేర్చుకోవాలి. జింబాబ్వేలో పుట్టి దక్షిణాఫ్రికాకి ఆడిన టెండాయ్ మ్టావరిరా ప్రపంచకప్ గెలిచింది 34 ఏళ్ల వయసులో, 2019లో. అతను కూడా కుర్రతనంలో వెనక వరసలో ఆడినవాడే, డర్బన్ వెళ్లాక కోచ్ డిక్ మ్యూర్ అతన్ని ముందు వరసకి మార్చాడు. అంటే ఇరవై దాటాక మొదలుపెట్టిన పని అది. మీవాడు ఆ వయసుకే కాంట్రాక్టు చేతిలో పెట్టుకుని ఉన్నాడు.

ఇక చొక్కా మీద 18. రగ్బీలో 1, 3 నంబర్లు ప్రాప్‌లు, మధ్యలో 2 నంబరు హుకర్. ఆ ముగ్గురికీ బదులు ఆటగాళ్లు 16, 17, 18. అందులో 18 అంటే 3 నంబరు వాడి బదులు. కాబట్టి మీవాడు చెప్పింది నిజమే, వాడి స్థానం మూడే, ప్రస్తుతానికి ఆ చోటికి రెండోవాడు. ఈ రెండోవాడనే మాట తక్కువగా వినిపిస్తుందిగానీ మిగతా స్థానాల్లో రెండోవాడికీ ముందు వరసలో రెండోవాడికీ చాలా తేడా ఉంది. పెద్ద మ్యాచ్‌కి 23 మందిని ఎంపిక చేస్తే అందులో ఆరుగురు ముందు వరసలో ఆడటానికి శిక్షణ పొందినవాళ్లై తీరాలని నిబంధన. శిక్షణ లేనివాణ్ని అక్కడ పెడితే ప్రాణానికే ముప్పు. తగినవాళ్లు మిగలకపోతే రిఫరీ స్క్రమ్‌లో తోపులాటే ఆపించేస్తాడు, ఉత్తినే ఆనుకుని నిలబడి బంతి తీసుకోవడమే. బయటికి పంపేసిన ప్రాప్‌ని కూడా, ఇంకో ముందు వరసవాడికి దెబ్బ తగిలితే, మళ్లీ లోపలికి పిలవొచ్చు. అందుకని ప్రతి జట్టుకీ ప్రతి మ్యాచ్‌కీ కనీసం నలుగురు ప్రాప్‌లు కావాలి, కుర్రాళ్లకి దొరికేది సాధారణంగా ఆ నాలుగో చోటు. పెద్దవాడు యాభై అరవై నిమిషాలు తోసి అలిసిపోయాక దింపుతారు, ఆట తేలేది ఎక్కువసార్లు ఆ తర్వాతే.

2019 నవంబరు 2న యోకోహామాలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ చూడండి. ఇంగ్లండ్ 3 నంబరు కైల్ సింక్లర్‌కి మూడో నిమిషంలోనే తలకి దెబ్బ తగిలి బయటికెళ్లాడు. చివర్లో ఓ అరగంట ఆడదామని బెంచి మీద కూర్చున్న డాన్ కోల్ మిగతా ఆటంతా ఎదురుగా మ్టావరిరా లాంటి వాణ్ని పెట్టుకుని తొయ్యాల్సి వచ్చింది. స్క్రమ్‌లో పెనాల్టీ మీద పెనాల్టీ పోయి ఇంగ్లండ్ 32-12తో ఓడింది. బెంచి మీద ఉన్న ప్రాప్‌ని ఎవరూ తేలిగ్గా తీసుకోరని చెప్పడానికే ఇదంతా.

మీ ఊరివాళ్లకి వాడి పనేంటో చెప్పాలంటే ఇంకో దారి ఉంది, మీరు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట పక్కవాళ్లే కదా. కనుమ రోజు గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటేటప్పుడు ఎవరి కళ్లయినా ఎక్కడుంటాయి? ప్రభ మీద, రంగుల నూలు మీద, గంటల మీద. పీకల్లోతు నీళ్లలో బురదలో కాలు జారుతుంటే భుజం వదలకుండా ఉన్నవాడి ముఖం ఎవరికీ కనపడదు. మోకు పట్టుకున్నవాడు ఒకడు తడబడితే మొత్తం ఒరిగిపోతుంది, అది మోసినవాళ్లకే తెలుస్తుంది. స్క్రమ్‌లో 3 నంబరు వాడి బతుకు అదే. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది, ఒక్కో వైపు దగ్గర దగ్గర 900 కిలోలు. వాడి తల ఎదుటివాళ్లలో ఇద్దరి మధ్య ఇరుక్కుంటుంది, ఎడమ భుజం మీద వాళ్ల హుకర్, కుడి భుజం మీద వాళ్ల ప్రాప్. రెండు భుజాలూ బిగుసుకుపోతాయి కాబట్టే వాణ్ని టైట్‌హెడ్ అంటారు. 1 నంబరువాడికి ఎడమ పక్క ఖాళీగా ఉంటుంది, వాడు లూజ్‌హెడ్. టైట్‌హెడ్ ఒక అడుగు వెనక్కి వేశాడంటే మిగతా ఏడుగురి బలం నీళ్లపాలే.

ఈసారి వీడియో చూసేటప్పుడు బంతి మీంచి చూపు తీసేసి వాడి పాదాలు చూడండి. రిఫరీ మొదటి పిలుపు ఇచ్చినప్పుడు మోకాళ్లు వంగి, వీపు బల్లపరుపుగా, తల తుంటికంటే పైనే ఉండాలి. రెండో పిలుపుకి కుడి చెయ్యి పొడుగ్గా చాచి ఎదుటివాడి చొక్కా వీపు దగ్గరో పక్కటెముకల దగ్గరో గుప్పిట పట్టాలి. ఆ చెయ్యి పొట్టిగా పట్టినా, మోచెయ్యి కిందికి దిగినా భుజం దిగుతుంది, భుజం దిగితే స్క్రమ్ కూలుతుంది, కూలితే పెనాల్టీ. అనుభవమున్న లూజ్‌హెడ్ చేసే మొదటి పని, కొత్త కుర్రాడి మోచెయ్యిని కిందికి లాగడం. మూడో పిలుపుకి ఇద్దరూ తాకుతారు. ఆ పైన ఆరేడు సెకన్లు ఊపిరి బిగబట్టకుండా, బొటనవేళ్ల మీద బరువు వేసి, వేలెడు వేలెడు చొప్పున అడుగులు వేయాలి. ఇది జిమ్‌లో రాదు. మ్యాచ్‌లో ఓడిపోయి నేర్చుకోవాలి. అదయ్యాక లైనవుట్‌లో, అంటే గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు, వంద కిలోల పైన ఉన్నవాణ్ని తొడలు పట్టుకుని తలపైకి ఎత్తాలి, లేచి పరిగెత్తి టాకిల్ చెయ్యాలి, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడెయ్యాలి. మీకు వాడి చేతిలో బంతి రెండుసార్లే కనపడింది, ఆ ఇరవై నిమిషాల్లో వాడు చేసిన పని ఇది.

ఓడిపోయి నేర్చుకోవడం అన్నాను కదా, దానికి 2009 జూన్ 20న డర్బన్‌లో జరిగిన మొదటి టెస్టు మీ మనవడికి చూపించండి, చూసే ఉంటాడులెండి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్లని కలిపి కట్టే బ్రిటిష్ ఐరిష్ లయన్స్ తరఫున 3 నంబరు ఫిల్ విక్కరీ, 2003లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో మొదటి నుంచీ ఆడినవాడు. ఎదురుగా 23 ఏళ్ల మ్టావరిరా, టెస్టుల్లోకి వచ్చి ఏడాది. ఆ రోజు విక్కరీని పైకి లేపి లేపి పెనాల్టీలు తీసుకున్నాడు, రెండో సగం మొదట్లోనే విక్కరీని బయటికి పిలిచారు, దక్షిణాఫ్రికా 26-21తో గెలిచింది. ప్రపంచమంతా చూస్తుండగా అలా జరిగితే చాలామంది అక్కడితో ఆట మానేస్తారు. జొహానెస్‌బర్గ్‌లో మూడో టెస్టుకి, అంటే రెండు వారాల తర్వాత, విక్కరీనే మళ్లీ 3 నంబరు చొక్కాతో దించారు, ఈసారి స్క్రమ్ కదల్లేదు, లయన్స్ 28-9తో గెలిచారు. నాకు ఈ మూడో టెస్టు మొదటిదానికంటే ఇష్టం. 33 ఏళ్లవాడే ఇంకా నేర్చుకుంటున్నప్పుడు ఇరవై ఏళ్లవాడికి తొందర దేనికండీ?

ఉద్యోగం సంగతి. రగ్బీ యూనియన్‌లో డబ్బు తీసుకుని ఆడటాన్ని అనుమతించిందే 1995 ఆగస్టులో. న్యూజిలాండ్‌లో మెట్లు ఇలా ఉంటాయి: స్కూలు జట్టు, ఊరి క్లబ్బు, ఆ పైన ప్రొవిన్స్, దాని పైన సూపర్ రగ్బీ, అన్నిటికీ పైన దేశం జట్టు ఆల్ బ్లాక్స్. ప్రొవిన్స్ జట్లు 14, మీవాడు ఆ మెట్టు మీద ఉన్నాడు. ఆ పోటీ ఏడాదిలో మూడు నెలలే నడుస్తుంది. పై మెట్టు కాంట్రాక్టు లేనివాళ్లు మిగతా నెలల్లో క్లబ్బుకి ఆడుతూ, ఏదో ఒక పని చేసుకుంటూ, చదువుకుంటూ ఉంటారు. అంచేత ఇది ఉద్యోగమే, కానీ ఇంటద్దె కట్టి పిల్లల్ని పెంచే ఉద్యోగం ఇంకా కాదు. కొందరికి పై మెట్టు దొరుకుతుంది, కొందరు జపాన్, ఫ్రాన్స్ వెళ్తారు, కొందరికి పాతికేళ్లకే మోకాలో భుజమో సహకరించక ఆగిపోతుంది.

కాబట్టి డిగ్రీ ఆపొద్దని గట్టిగా చెప్పండి. తాతగా మీరు చెప్తే వింటాడు. చదువు ఆటకి అడ్డం కాదు, ఒక చెడ్డ సీజన్ వచ్చినప్పుడు భయం లేకుండా ఆడటానికి అదే ఆసరా. ఇంగ్లండ్‌కి 114 టెస్టులు ఆడిన ప్రాప్ జేసన్ లియొనార్డ్ చేతిలో వడ్రంగి పని ఉంది. విక్కరీది కార్న్‌వాల్‌లో పాడి పశువుల ఇల్లు, పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే పనిలో సర్టిఫికెట్ తీసుకున్నాడు. ఒక్క ఏడాదిలో అయిపోయే డిగ్రీ వదిలేస్తే, తర్వాత ప్రతి గాయానికీ ఆ బెంగ తోడవుతుంది.

ఇప్పుడు మెడ. పిన్నిగారి భయం ఉత్త భయం కాదు, ముందు వరసలో మెడకి దెబ్బలు తగులుతాయి. అందుకే 2013 నుంచి పద్ధతి మార్చారు, అంతకుముందు దూరం నుంచి వచ్చి ఢీకొనేవాళ్లు, ఇప్పుడు ముందు ఒకరినొకరు పట్టుకుని ఆ తర్వాతే తాకాలి. దీంతో తాకిడి బలం దాదాపు నాలుగో వంతు తగ్గిందని పరీక్షల్లో తేలింది. లియొనార్డ్‌కి 1992లో మెడ దెబ్బతింటే తుంటి ఎముక ముక్క తీసి మెడలో పెట్టి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆడాడు, 2003 ఫైనల్లో అదనపు సమయంలో విక్కరీ బదులు దిగి, స్క్రమ్ కూలి పెనాల్టీ పోకుండా నిలబెట్టింది అతనే. ఆపరేషన్ అయితే ఫరవాలేదని కాదు నేను చెప్పేది. అతను వైద్యం చేయించుకున్నాడు కాబట్టే మళ్లీ ఆడగలిగాడు.

నేను అలా చెయ్యలేదు. సైన్యంలో ఉండగా ఆరేళ్లు ఇదే 3 నంబరు ఆడాను. ఇరవై మూడేళ్లప్పుడు ఒక స్క్రమ్ కూలింది, లేచాక కుడి చేతి వేళ్లు రెండు తిమ్మిరెక్కాయి, షూ లేసు కట్టుకుందామంటే ముడి పడలేదు. చెప్తే జట్టులోంచి తీసేస్తారని దాచాను. రెండు వారాలు దాచాను. తర్వాత నాలుగు నెలలు ఆటకి దూరమయ్యాను. మొదటి రోజే చెప్పి ఉంటే అంత అయ్యేది కాదని డాక్టరు అన్నారు. అందుకని మీ మనవడి దగ్గర ఒక్క మాట తీసుకోండి: చెయ్యి తిమ్మిరెక్కినా, భుజంలోంచి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, తల తిరిగినా, ఆ నిమిషమే చెప్పాలి, ఫైనల్ అయినా సరే. అక్కడి జట్లలో ఫిజియోలుంటారు, మెడ బలాన్ని కొలిచి చూస్తారు, వ్యాయామాలిస్తారు. దాచితే వాళ్లు మాత్రం ఏం చెయ్యగలరు?

చెవి గురించి బెంగ వద్దు. రాపిడికి చర్మానికీ లోపలి మెత్తటి ఎముకకీ మధ్య నెత్తురు చేరి గట్టిపడితే అలా అవుతుంది. ఒకటి రెండు రోజుల్లో డాక్టరు దగ్గర తీయించుకుంటే తగ్గేదే, అశ్రద్ధ చేసినట్టున్నాడు. రెండో చెవైనా కాపాడుకోమనండి, మెత్తటి టోపీ లాంటిది దొరుకుతుంది, పెట్టుకుంటే చెవులకి మంచిది. తలలోపలి దెబ్బని మాత్రం ఆ టోపీ ఆపదు, అది వాడు గుర్తుపెట్టుకోవాలి.

118 కిలోల గురించి చుట్టాలడిగితే ధాన్యం బస్తా ఎత్తేవాణ్ని చూపించండి, వాళ్లకి తెలిసిన బలమే అది.

ప్రశ్న: సార్, నాది భీమవరం. 21 ఏళ్లు, 105 కిలోలు, కాలేజీ జట్టులో కబడ్డీ కార్నర్ ఆడతాను. రగ్బీ ప్రాప్‌గా ప్రొఫెషనల్ అవ్వాలని ఉంది. హైదరాబాద్ జట్టు కూడా వచ్చిందట కదా. బరువు పెరగడానికి జిమ్‌లో అన్న ఒక పౌడర్ ఇచ్చాడు, రెండు నెలలుగా తాగుతున్నా. డబ్బా మీద లేబుల్ లేదు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ డబ్బా పక్కన పెట్టు. ఈ రోజే. నీ ఒంట్లో ఏం దొరికినా దానికి బాధ్యత నీదే, తెలియక తాగానంటే డోపింగ్ నిబంధనల్లో నిర్దోషివైపోవు. మొదటి డోపింగ్ పరీక్షలోనే దొరికితే ఏళ్ల తరబడి నిషేధం పడొచ్చు, అది కబడ్డీకీ వర్తిస్తుంది. లేబుల్ లేని పౌడరు తాగడమంటే నీ భవిష్యత్తు ఎవరికో అప్పజెప్పడమే. మీ ఊళ్లో చేపలకీ రొయ్యలకీ గుడ్లకీ కరువా? మినుములకి కరువా? ఆటల మీద అవగాహన ఉన్న డాక్టరుకి చూపించుకుని, రోజుకి ఏం తినాలో కాగితం మీద రాయించుకో.

హైదరాబాద్ జట్టు సంగతి నిజమే. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది, ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. కానీ అది సెవెన్స్, ఏడుగురి ఆట. స్క్రమ్‌లో ముగ్గురే ఉంటారు, మైదానం మాత్రం పదిహేనుమందిదే, ఆగకుండా పరిగెత్తాలి. 118 కిలోల టైట్‌హెడ్‌కి అక్కడ చోటుండదు. పదిహేనుమంది ఆటలో ప్రాప్‌గా జీతం తీసుకుని బతికే లీగ్ మన దేశంలో ఇవాళ లేదు. నీకు ఆశ పెట్టి పంపడం నాకిష్టం లేదు కాబట్టి సూటిగా రాస్తున్నాను.

ఆట లేదని కాదు. కలకత్తా రగ్బీ క్లబ్బు మూతపడ్డప్పుడు బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలు కరిగించి చేసిన కప్పు కోసమే 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆడుతున్నాయి. భువనేశ్వర్‌లో కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్లి 14 ఏళ్లలోపు టోర్నమెంట్ గెలుచుకొచ్చారు. కలకత్తా, ముంబై, పుణె క్లబ్బుల్లో పదిహేనుమంది ఆట ఉంది, సైన్యంలో ఉంది, నేను ఆడింది అక్కడే.

నీకు ఒక మంచి పునాది ఉంది. కబడ్డీ కార్నర్‌వాడికి వంగి ఉండటం, తుంటి కింద పెట్టుకోవడం, చీలమండ అందుకుని వదలకపోవడం అలవాటే. రగ్బీలో టాకిల్‌కి సగం పని అదే. కానీ కబడ్డీలో రైడర్‌ని పట్టేటప్పుడు తల ఎక్కడ పెడుతున్నావో పెద్దగా చూసుకోవు, ఇక్కడ తల తప్పు వైపు పెడితే నీకే దెబ్బ. ముందు ఒక ఏడాది సెవెన్స్ ఆడు, 105 నుంచి ఐదారు కిలోలు తగ్గినా ఫరవాలేదు, పరిగెత్తడం, పాస్ ఇవ్వడం, పడిపోయి లేవడం వస్తాయి. ఆ తర్వాత పదిహేనుమంది ఆట ఉన్న క్లబ్బు ఉన్న ఊళ్లో ఉద్యోగమో పై చదువో దొరికితే అక్కడికి వెళ్లి ముందు వరస నేర్చుకో. యూట్యూబ్ చూసి స్నేహితులతో స్క్రమ్ కట్టొద్దు. కబడ్డీ మానొద్దు, దానికి మన దగ్గర జీతమిచ్చే లీగ్ ఉంది.

ప్రశ్న: నేను పాలకొల్లు గృహిణిని. మా అబ్బాయితో కలిసి రగ్బీ చూస్తాను, నచ్చింది. కానీ స్క్రమ్ కూలినప్పుడు రిఫరీ తప్పు ఎవరిదని ఎలా చెప్తాడు? నాకు అందరూ ఒకేసారి పడ్డట్టే ఉంటుంది.

జవాబు: అమ్మా, చాలాసార్లు ఆడేవాళ్లకీ అలాగే ఉంటుంది, టీవీలో మాజీ ప్రాప్‌లే ఒకరితో ఒకరు ఒప్పుకోరు. మీరు రెండు చూడండి. ఒకటి, ఎవరి మోచెయ్యి ముందు నేలవైపు దిగింది. రెండు, ఎవరి తుంటి పక్కకి తిరిగింది, అంటే నేరుగా తొయ్యకుండా హుకర్ వైపు అడ్డంగా దూరుతున్నాడన్నమాట. ముందు కాళ్లు వెనక్కి జారి ముఖం కింద పడ్డవాడు మామూలుగా బలం చాలనివాడు, చెయ్యి వదిలేసి పడ్డవాడు కావాలని పడ్డవాడు. నాలుగు మ్యాచ్‌లు ఇలా చూశాక రిఫరీ చెయ్యి ఎత్తకముందే మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: నరసాపురం దగ్గర హైస్కూల్లో పీఈటీని. 14 ఏళ్ల పిల్లలు ఇరవైమంది రగ్బీ ఆడతామంటున్నారు. ఇద్దరు ముగ్గురు లావు పిల్లలున్నారు, ఇన్నాళ్లూ ఏ ఆటలోనూ ఎవరూ చేర్చుకోలేదు, వాళ్లే ముందొచ్చారు. స్క్రమ్ మెషిన్ లేదు, డబ్బుల్లేవు. వాళ్లకి ఏం నేర్పను?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో ఆ లావు పిల్లల మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వాళ్లని లావుగా ఉన్నారు కాబట్టి ప్రాప్‌లనేసి ఒక మూల నిలబెట్టకండి. ఈ వయసులో అందరూ అన్నీ ఆడాలి, బంతి పట్టాలి, పరిగెత్తాలి. పందొమ్మిదేళ్లలోపు పిల్లల ఆటలో స్క్రమ్‌ని మీటరున్నర మించి తొయ్యకూడదని అంతర్జాతీయ నిబంధనే ఉంది, మీ పిల్లలకి ఆ మీటరున్నర కూడా ఇప్పుడొద్దు. శిక్షణ పొందిన కోచ్ పక్కన లేకుండా తలలు కలిపి తోయించకండి.

మెషిన్ లేకుండా చేయించగలిగేవి చాలా ఉన్నాయి. నాలుగు కాళ్ల మీద, మోకాళ్లు నేలకి బెత్తెడు ఎత్తులో ఉంచి, వీపు మీద నీళ్ల సీసా పడుకోబెట్టి పది అడుగులు నడిపించండి, సీసా దొర్లకూడదు. ప్రాప్ వీపు అక్కడే తయారవుతుంది. మెడకి, అరచెయ్యి నుదుటికి ఆనించి తలా చెయ్యీ ఒకదాన్నొకటి మెల్లిగా తోసుకోవాలి, పది సెకన్లు, తర్వాత వెనక, తర్వాత రెండు పక్కలా. ఊపిరి బిగబట్టనివ్వకండి. వారానికి మూడు రోజులు చాలు. తల నేలకి ఆనించి కుస్తీవాళ్లు వేసే వంతెన ఈ వయసులో వద్దు. తోపుకి పాత ట్రాక్టరు టైరు ఒకటి సంపాదించండి, ఇసుకలో నిలబెట్టి ఒకరు వెనక పట్టుకుంటే ఇంకొకరు భుజం ఆనించి చిన్న చిన్న అడుగులతో నెట్టాలి. తల టైరుకి పక్కన ఉండాలి, ఎదురుగా కాదు. ఎండ తీరాకే, సాయంత్రం ఐదు తర్వాత మొదలుపెట్టండి, నీళ్లు దగ్గర పెట్టుకోండి.

టైరు దొరికాక ఒక కార్డు ముక్క రాయండి. నేను ఆదివారాలు పాలకొల్లులోనే ఉంటాను, బస్సెక్కి వచ్చి టైరు ఎలా నిలబెట్టాలో, భుజం ఎక్కడ ఆనించాలో ఆ పిల్లలకి చూపిస్తాను.